గడప మీద గొంతు

ఏప్రిల్ 19

రాత్రి గాలికి గట్టు మళ్ళీ విరిగింది. పొద్దున్నే వెళ్ళి చూశాను. జాలర్ల సంఘం హాలు వెనక మూలకీ సముద్రానికీ మధ్య మనిషి కాళ్ళు చాపుకుని పడుకునేంత జాగా మిగిలింది. పోయినేడు అక్కడ యూనిస్ బట్టలారేసే తాడు ఉండేది. అది గుంజలతో సహా పోయింది.

ఇంటికొచ్చి మా ఆయన గార్లండ్‌కి చెప్పాను. కిటికీ వైపు చూసి ఏదో అనబోయాడు. "గట్టు గురించేగా? చూసొచ్చాన్లే" అన్నాను. ఊరుకున్నాడు.

పత్రికలో ఉద్యోగం మానేశాక ఏమీ రాయలేదు. ఇది ఎవరూ చదవరు కాబట్టి జరిగింది జరిగినట్టు రాసుకోవచ్చు.

ఏప్రిల్ 22

ఫిబ్రవరిలో గార్లండ్‌కి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కాలు కొంత తిరిగొచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తాడు. మాట మాత్రం రాలేదు. వచ్చినా వేరే మాట వస్తుంది. కప్పు అడగబోయి 'గొర్రె' అంటాడు. అవుననాల్సిన చోట 'కాదు' అని, తనే బిత్తరపోతాడు.

గ్యాండర్ పట్నంలో మాటలు నేర్పే డాక్టరమ్మ ఇలా చెప్పింది: "ఆయనకి అన్నీ అర్థమవుతున్నాయి. మాట దొరకడానికే టైం పడుతోంది. ఆయన వాక్యం మీరు పూర్తి చెయ్యకండి. ఆగండి." ఆవిడ వారానికి గంటసేపు ఆగుతుంది. మిగతా వారమంతా నాది.

గ్యాండర్‌లోనే పెద్దవాళ్ళుండే చోట మా ఇద్దరికీ ఒక గది ఖాళీ అవుతోందట. సెప్టెంబర్ నెలాఖరులోపు చెప్పాలి. ఆస్పత్రి పక్కనే. మెట్లు లేవు. గార్లండ్‌కి కూడా ఇష్టమే.

మే 6

లెస్టర్ వంటింట్లో కమిటీ మీటింగు. లెస్టర్ చేపల ఫ్యాక్టరీ మూతపడేదాకా అక్కడ మేస్త్రీ. ఇప్పుడు హాలు కమిటీకి పెద్ద. హాలుని బాగుచేసి ఊరి సాంస్కృతిక కేంద్రం చెయ్యడానికి ప్రభుత్వం సాయం ఇస్తానంది. ఒకటే షరతు: ముందు హాలుని గట్టు మీంచి తప్పించి, చిత్తడినేల అవతల రాతినేల మీదకి చేర్చాలి.

యంత్రాలవాడొచ్చి చిత్తడిలో బూటు దింపి చూశాడు. అది మోకాలిదాకా దిగింది. తన బండి ఇందులో మునుగుతుందనీ, నేల గడ్డకట్టాక జనవరిలో వస్తాననీ చెప్పి వెళ్ళిపోయాడు.

"జనవరి దాకా ఆగితే హాలు సముద్రంలో కొట్టుకుపోయి ఐర్లండ్‌లో దొరుకుతుంది" అంది యూనిస్. యూనిస్ నా ఆడపడుచు, గార్లండ్ చెల్లెలు. "ప్రభుత్వం దీవుల మీంచి ఊళ్ళు ఎత్తించేసినప్పుడు మన నాన్నలు ఇళ్ళకి ఇళ్ళే లాక్కొచ్చారు. ఏ యంత్రం పెట్టి లాగారట?"

"వాళ్ళకి నడుములుండేవి యూనిస్."

"నీకూ ఉంది నడుము లెస్టర్. కాకపోతే పొట్టై ముందుకి వచ్చింది."

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక అందరూ టీకెటిల్ వైపు చూశారు. ఇల్లు లాగాలంటే పాట ఎత్తేవాడు కావాలి. వాడు ఆ ఇంటి గడప మీద నిలబడతాడు. లాగేవాళ్ళు భుజాన మోకు వేసుకుని ఇంటికి వీపు పెట్టి నడుస్తారు కాబట్టి వాళ్ళకేమీ కనిపించదు. పాటలో 'హో' అన్న చోటే లాగాలి. మోకు బిగిశాక పాదిరీ అయినా నోరెత్తకూడదు. రెండు గొంతులు వినిపిస్తే నడుములు విరుగుతాయి.

మా ఊరు గన్నర్స్ ఆర్మ్‌లో చివరిసారి ఇల్లు లాగినప్పుడు పాట ఎత్తింది గార్లండ్. నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఎవరూ తన వైపు చూడలేదు.

మే 28

హాలు లోపల కిందికి దించి కొట్టిన ప్లైవుడ్ కప్పు ఇవాళ పీకేశారు. నేను పుట్టినప్పటినుంచీ అదే కప్పు అనుకున్నాను.

దాని పైన ఓడ ఉంది. బోర్లించిన ఓడ. కట్టినవాళ్ళు పడవలు చేసేవాళ్ళు కాబట్టి వాళ్ళకి తెలిసిన పద్ధతిలోనే కట్టారు. మధ్యలో వెన్నుదూలం, దానికి రెండు వైపులా పక్కటెముకలు. దూలం గోడని కలిసిన ప్రతిచోటా వేరు దగ్గర సహజంగా వంగిన చెట్టుమొదలు చెక్కి అమర్చారు. మేకులు కనిపించలేదు. అన్నీ కర్రచీలలే. దుమ్ములోంచి వెలుగు పడుతోంది. సుత్తులు ఆగిపోయాయి. లెస్టర్ టోపీ తీశాడు. ఎందుకు తీశాడో తనకే తెలియనట్టు కాసేపటికి మళ్ళీ పెట్టుకున్నాడు.

గార్లండ్ ఒక వంకర మొదలు మీద ఎడమ అరచెయ్యి ఆనించి అలాగే నిలబడ్డాడు. పిలిచినా రాలేదు.

నేను టేపు పెట్టి ఎత్తు కొలిచాను. ఇంటికొచ్చాక చూస్తే అంకె రాసుకోలేదు. పత్రికలో ఉన్నన్నాళ్ళూ ఎప్పుడూ ఇలా జరగలేదు.

జూన్ 14

మంచుకొండ ఒకటి రేవు నోట్లో వచ్చి ఆగింది. ఇవాళ ఎవరూ పని చెయ్యలేదు.

జూన్ 30

అటక మీది సామాను సర్దడం మొదలుపెట్టాను. గ్యాండర్ గదిలో రెండు పెట్టెలు పడతాయి. గార్లండ్ వడ్రంగి పనిముట్ల సంచి ఎవరికైనా ఇచ్చెయ్యాలి. ఒక చేత్తో ఏం చేసుకుంటాడు? అదే అడిగితే తల అటు తిప్పుకున్నాడు. ఇష్టమే అనుకుంటా.

జూలై 9

హాలుని జాకీల మీద లేపారు. ఒక్కో మూల దగ్గర ఒక్కో మనిషి, లెస్టర్ చెయ్యి ఊపితే తలో మెలి. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి హాలు కిందినుంచి అవతలి సముద్రం కనిపించింది. ముందు దారప్పోగంత వెలుగు, తర్వాత అరచెయ్యంత. వందేళ్ళు ఎండ తగలని నేల తెల్లగా, పిండిలా ఉంది. అందులో గడ్డి కూడా తెల్లగానే మొలిచింది. గాలి హాలు కిందినుంచి దూరి మా పాదాలకి తగిలింది. యూనిస్ గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. తర్వాత, జారతానేమోనని పట్టుకున్నానంది. నేల పొడిగానే ఉంది.

జూలై 20

లెస్టర్ ఇంట్లో రాత్రి భోజనాలు. ఉప్పుచేప, బంగాళదుంపలు, మొలాసిస్ పాకం పోసిన వేపుడు రొట్టెలు. తిన్నాక అకార్డియన్ తీశారు. లెస్టర్ పాత లాగుడు పాట ఎత్తాడు, ఊరికే, గొంతు సవరించుకోవడానికి.

"కదలవే ముసలమ్మా, కదలవే..."

రెండో పాదం గార్లండ్ అందుకున్నాడు.

"నీ గడపతోనే కదలవే... హో!"

మాటలన్నీ స్పష్టంగా వచ్చాయి. ఫిబ్రవరి తర్వాత తన నోట్లోంచి వరసగా మూడు సరైన మాటలు నేను వినలేదు. లెస్టర్ ఆపేశాడు. గార్లండ్ ఒక్కడే రెండు చరణాలు పాడాడు. గొంతు కూడా పాతదే, కింద ఇసుక రాసుకుంటున్నట్టుండే గొంతు. నా చేతిలో ప్లేటు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో తెలియదు.

మూడో చరణంలో ఆగిపోయాడు. ఆగీ ఆగగానే వంటింట్లో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారిగా అందుకుని పాటని చివరిదాకా మోసుకెళ్ళారు. ఇక్కడ పాడేవాణ్ణి మధ్యలో వదిలెయ్యరు. వదిలేస్తే, మునుగుతున్నవాడికి చెయ్యి అందించనంత తప్పు.

"అన్నయ్య పాడాడు!" అని యూనిస్ ఏడ్చింది, నవ్వింది, ముక్కు చీదుకుంది.

ఇంటికొచ్చాక అడిగాను. "గార్లండ్, నా పేరేంటి?"

"కాదు" అన్నాడు.

జూలై 21

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. ఇలా జరుగుతుందంది. మాట ఉండేచోటు వేరు, పాట ఉండేచోటు వేరు. ఒకటి పాడైనా రెండోది మిగులుతుందట. పాటొచ్చింది కదా అని మాటొస్తుందని లేదంది. పెద్ద ఆశలేమీ పెట్టుకోలేదని చెప్పాను. ఆవిడ అడక్కపోయినా చెప్పాను.

జూలై 27

మళ్ళీ కమిటీ. లెస్టర్ మెల్లిగా మొదలుపెట్టాడు.

"సెలీనా పిన్నీ, మేమందరం అనుకున్నాం... గార్లండ్ బాబాయ్ గడప మీద నిలబడితే..."

"వద్దు" అన్నాను. "అంతమంది ముందు ఆగిపోతే సిగ్గుపడతాడు. గార్లండ్‌కి ఇష్టం లేదు."

గార్లండ్ ఎడమచేత్తో కప్పు బల్లకేసి కొట్టాడు. టీ అంతా యూనిస్ ఒళ్ళో పడింది.

"అబ్బ! ఇష్టం లేదని ఎంత బాగా చెప్పాడో!" అని యూనిస్ గౌను దులుపుకుంది. నా వైపు తిరిగింది. "మా అన్నయ్య నోరు నువ్వెప్పుడు అద్దెకి తీసుకున్నావ్ వదినా?"

"రాత్రీ పగలూ చూసుకునేది నేను. నువ్వు కాదు."

"చూసుకుంటున్నావులే. వినడమే లేదు."

వచ్చేశాను. గార్లండ్ నా వెనకే వచ్చాడు, కర్ర గట్టిగా నేలకి కొడుతూ.

ఆగస్టు 2

యూనిస్‌తో మాట్లాడలేదు.

ఆగస్టు 3

మాట్లాడలేదు. గ్యాండర్ గది పటం పోస్టులో వచ్చింది. కిటికీ కార్లు నిలిపే స్థలం వైపు ఉంది. గార్లండ్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. ఇష్టమే.

ఆగస్టు 5

లెస్టర్ టోపీ చేతిలో పట్టుకుని వచ్చాడు. అంతా ఆలోచించి పెట్టుకున్నాడు.

"బాబాయ్ పాట ఎత్తుతాడు. మోకు కొసన మొదటి మనిషిని నేను. నేనొక్కణ్ణే హాలు వైపు మొహం పెట్టి నడుస్తాను. బాబాయ్ తడబడ్డాడనుకో, నేనందుకుంటాను, ఎవరికీ తెలియను కూడా తెలియదు. 'ఆపు' అనేది పాటలో రాదు కదా, మామూలు మాట. అది బాబాయ్‌కి రాదు. కొత్త పునాది దగ్గర ఎర్రజెండా కర్ర పాతాం. హాలు ముందుభాగం దాని దాకా రాగానే 'ఆపు' నేనంటాను. సరేనా పిన్నీ?"

"ఆయన్నడుగు" అన్నాను, విసురుగానే.

లెస్టర్ అడిగాడు. గార్లండ్ తలూపాడు, చాలాసార్లు.

తన పక్కన నేనుంటానన్నాను. నడుము పట్టుకోవడానికి ఎవరో ఒకరుండాలి కదా.

ఆగస్టు 24

సాయంత్రం పక్క ఊరు నక్స్ కోవ్ వాళ్ళు పడవల్లో వచ్చారు, తమ మోకు తామే తెచ్చుకున్నారు. వాళ్ళు కాథలిక్కులు, మేం కాదు. హాల్లో డాన్సులు జరిగిన రోజుల్లో వచ్చేవాళ్ళు, కానీ ఎక్కువగా కొట్లాటకి. వాళ్ళ సరంగు లియో పవర్ రేవులో దిగుతూ అన్నాడు: "మా నాన్న ఈ హాల్లో రెండు పళ్ళు పోగొట్టుకున్నాడు. దాన్ని కదిలించేముందు ఓసారి వెతుక్కోనిస్తారా?"

"మా నాన్న పిడికిట్లో ఉండిపోయుంటాయి. సమాధి తవ్వుకోండి" అంది యూనిస్. వాళ్ళందరికీ బఠానీ సూపు వడ్డించింది. నాకూ ఒక గిన్నె తెచ్చిపెట్టింది. మాట్లాడలేదు.

ఆగస్టు 25

జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారేసరికి గాలి లేదు. చిత్తడి మీద సన్నటి స్ప్రూస్ చెట్ల దుంగలు వరసగా పరిచి ఉన్నాయి, కొవ్వు పూసి. హాలు కింద రెండు పొడుగాటి దూలాలు, పడవ అడుగులా కొసలు చెక్కినవి. బరువు తగ్గాలని బల్లలు, పొయ్యి, తలుపు, ముందు మెట్టు నిన్ననే ఊడదీశారు. తలుపు లేని గడప మీద గార్లండ్‌కి కుర్చీ వేశాం. తను కూర్చోలేదు. ఎడమచేత్తో ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. నేను వెనకనుంచి బెల్టు పట్టుకున్నాను.

కింద రెండు మోకులు, రెండు వరసల జనం. మావాళ్ళు, వాళ్ళవాళ్ళు కలిసిపోయారు. అందరి వీపులూ మా వైపే. వాళ్ళ ముందు లెస్టర్ ఒక్కడి మొహమే మాకు కనిపిస్తోంది.

గార్లండ్ ఎత్తలేదు.

లెస్టర్ నా వైపు చూశాడు. నేను గార్లండ్ చెవిలో మొదటి మాట చెప్పబోయాను. తను మోచేత్తో నన్ను వెనక్కి తోశాడు, పాట ఎత్తాడు.

"కదలవే ముసలమ్మా, కదలవే... హో!"

మోకులు బిగిసి మోగాయి. హాలు కదల్లేదు. రెండో 'హో'కి మా కాళ్ళ కింద చెక్క నిట్టూర్చింది. మూడో 'హో'కి చర్చి గోపురం పక్కకి జరిగింది. జరిగింది గోపురం కాదని తెలియడానికి నాకు క్షణం పట్టింది.

కదిలే ఇంట్లోంచి బయటికి చూడటం నాకు అదే మొదటిసారి. పక్కకిటికీలో సమాధులు ఒక్కొక్కటిగా వచ్చి వెళ్ళిపోయాయి. మా మావగారి సమాధి వచ్చింది, కాసేపాగింది, వెళ్ళింది. వెనక కిటికీ నిండా ఇంతకాలం సముద్రమే ఉండేది. ఇప్పుడు అందులో అడుగున గడ్డి కనిపిస్తోంది, అది మెల్లిగా పెరుగుతోంది. తలమీద ఆ ఓడ ఎముకలన్నీ ఒక్కో 'హో'కి ఒక్కోసారి కిర్రుమంటున్నాయి, చాలాకాలానికి నీళ్ళలో దింపినట్టు. పైకెత్తిన తల దించబుద్ధి కాలేదు. గార్లండ్ గొంతు నా ముందే ఉంది, వీపులోంచి నా పిడికిట్లోకి వస్తోంది. కింద జనం పాటకి బదులు చెప్పడం లేదు, ఊపిరితో బదులిస్తున్నారు. నా దగ్గర దీనికి మాటలు లేవు. వెతికాను.

దారిలో రెండుసార్లు విశ్రాంతికి ఆగారు, దుంగలు అయిపోయిన చోట. టీ తాగారు. లియో పవర్ పైకి చూసి, "సరంగుగారూ, ఇంకాస్త మెల్లిగా పాడండి. మేం కాథలిక్కులం, మాకు మోకాళ్ళ మీద ఉండి ప్రార్థించడమే అలవాటు" అన్నాడు. గార్లండ్ నవ్వాడు, శబ్దం బయటికొచ్చేలా.

మధ్యాహ్నం దాటాక చిత్తడి అయిపోయింది. రాతినేల మొదలైంది. కొత్త పునాది స్తంభాల మీదికి హాలు ఎక్కుతోంది. ముందు ఎర్రజెండా కనిపిస్తోంది. ఇంకా మనిషి చెయ్యి చాపినంత దూరం ఉంది. ఒక్క 'హో' సరిపోతుంది.

గార్లండ్ 'కదలవే' అని, ఆగిపోయాడు.

మోకులు బిగిసే ఉన్నాయి. ఒక్కరూ తిరగలేదు, తిరక్కూడదు. ఆ వీపులన్నీ పాట కోసం చూస్తున్నాయి. కింద మొదటి వరసలో యూనిస్ భుజాలు పైకి లేచాయి, ఊపిరి తీసుకుంటోందని తెలిసింది. వంటింట్లో అందుకున్నట్టే ఇక్కడా అందుకుంటారు. లెస్టర్ జెండాని చూశాడు, గార్లండ్‌ని చూశాడు. పాపం బాబాయ్ అన్నట్టు మొహం మెత్తబడింది. నోరు తెరిచాడు.

నేను గార్లండ్ మొహం చూశాను. ఫిబ్రవరినుంచీ మాట పోయినప్పుడు తన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. కళ్ళు అటూ ఇటూ పరిగెడతాయి, పెదవులు ఏదో తడుముతాయి. ఇప్పుడవేవీ లేవు. నోరు మూసుకుని ఉంది. తన పాదాల ముందు నేలకేసి చూస్తున్నాడు. ద్వారబంధం మీద చెయ్యి స్థిరంగా ఉంది.

తను పాట పోగొట్టుకోలేదు. ఆపాడు.

బెల్టు వదిలేశాను. రెండు చేతులూ పైకెత్తి లెస్టర్‌కి వద్దని ఊపాను. లెస్టర్ నోరు తెరిచే ఉంచాడు, గొంతు మాత్రం రాలేదు. మొదటి గొంతు లెస్టర్‌దే అయ్యుండాలి కాబట్టి మిగతావాళ్ళూ ఎత్తలేదు. యూనిస్ భుజాలు కిందికి దిగాయి. అంతమంది మనుషులు, రెండు ఊళ్ళు, భుజాల మీద బిగిసిన మోకులతో, చప్పుడు లేకుండా నిలబడిపోయారు. రేవులో నీళ్ళు రాళ్ళకి తగలడం వినిపించింది. అలాంటి నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. నిజానికి మా ఇంట్లో ఆరునెలలుగా ఉన్నది అదే. దాన్ని నేను విననివ్వలేదు.

లెస్టర్ మోకు వదిలి వంగి హాలు కిందికి చూశాడు. పాక్కుంటూ లోపలికి వెళ్ళాడు. వెనకవైపునుంచి బయటికొచ్చాడు. మొహం పాలిపోయింది.

"కూర్చుంది. అన్ని స్తంభాల మీదా కూర్చుంది. ఇంకొక్కటి లాగితే వెనక దూలం జారిపోయేది."

"మరి జెండా?" అన్నాడు లియో పవర్, వెనక్కి తిరక్కుండానే.

లెస్టర్ గడప కిందికి చూశాడు. "మెట్టు" అన్నాడు. "ఓరి దేవుడా. మెట్టు ఉన్నప్పుడు కొలిచి పాతాం జెండా. నిన్న మెట్టు ఊడదీశాం. హాలు మెట్టంత పొట్టిదైంది. జెండాని ఎవరం జరపలేదు."

లాగేవాళ్ళ వీపులు ఇటు. లెస్టర్‌కి కనిపించింది జెండా. స్తంభం మొహం గడప కిందికి పోవడం కనిపించేది గడప మీద నిలబడ్డవాడికొక్కడికే.

మోకులు నేలమీద పడ్డాయి. ఎవరూ కేకలెయ్యలేదు. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి పైకి చూశారు. లియో పవర్ టోపీ తీశాడు. గార్లండ్ ఇప్పుడు కుర్చీలో కూర్చున్నాడు.

యూనిస్ వచ్చి అన్నయ్య బూటు మీద చెయ్యి వేసింది. నన్ను చూసింది. "నీకెలా తెలిసింది వదినా?"

"చూశాను" అన్నాను.

ఆగస్టు 26

ఒళ్ళు నొప్పులు. మోకు పట్టింది వాళ్ళు. నొప్పులు నాకెందుకో తెలియదు.

సాయంత్రం మళ్ళీ వెళ్ళి చూశాను. హాలు అక్కడే ఉంది. పాతచోట తెల్లగడ్డి ఒక్కరోజు ఎండకే పచ్చగా మారుతోంది.

సెప్టెంబర్ 4

పొద్దున పొయ్యి ముట్టించి, టీ పోసి, గార్లండ్ ఎదురుగా కూర్చున్నాను. గది పటం బల్ల మీద పెట్టాను.

"గ్యాండర్ వెళ్దామా?" అని అడిగాను. ఏప్రిల్‌నుంచీ ఈ నోటుబుక్కులో తన జవాబు నేనే రాస్తూ వచ్చాను. అడగడం ఇదే మొదటిసారి.

పటం చూశాడు. నన్ను చూశాడు. నోరు తెరిచాడు. కళ్ళు పరిగెత్తాయి. చలికాలం గురించి అనబోతున్నాడేమో, మెట్ల గురించేమో, నా గురించేమో. మూడూ నా నాలుక చివరిదాకా వచ్చాయి. మింగేశాను. పొయ్యిలో మంట తగ్గి, కెటిల్ మరగడం దానంతటదే ఆగింది. వీధిలో ఎవరో వెళ్ళారు, తల తిప్పలేదు. టీ మీద మీగడ కట్టింది.

"తలుపు" అన్నాడు.

తప్పుమాట వచ్చినప్పుడు తనే బిత్తరపోతాడు. ఈసారి బిత్తరపోలేదు. లేచాడు. కర్ర తీసుకుని అటక మెట్ల దాకా వెళ్ళాడు, పైకి చూపించాడు. అక్కడ పనిముట్ల సంచి ఉంది.

హాలుకి ఇంకా తలుపు పెట్టలేదు.

సంచి కిందికి దించాను. బరువుగా ఉంది. తన కర్ర నా చంకలో పెట్టుకుని, చెరో పిడి పట్టుకుని మెల్లిగా బయల్దేరాం.